పేర్లు పోయేదాకా లేవని మనిషి

నా పేరు సుబ్బలక్షుమ్మ. వయసు డెబ్బై దాటింది, ఎంత దాటిందో నేను లెక్క పెట్టుకోలేదు. పుట్టింది జమ్మలమడుగు, మెట్టింది పెద్దముడియం పక్క పల్లె, ఊరు విడిచి వచ్చి బతుకుతున్నది ప్రొద్దుటూరులో. ఇంట్లో నేను, నా మనవరాలు, మొన్నటిదాకా మా మరిది. ఫలానా ఆయన భార్యనని కూడా రాయాలంటుంది మనవరాలు. మొగుని పేరు నోటితో పలికే అలవాటు మా కాలపు ఆడవాళ్లకు లేదు. ఆ మాట వదిలేసి మిగతాది రాయమన్నాను.

మా మరిది పోయినాడు. పోయిన ఆదివారం మ్యాట్నీ ఆటలో, సినిమా హాల్లో, కూర్చున్న కుర్చీలోనే పోయినాడు. పక్క కుర్చీలో నేనున్నాను.

ఇది రాయించడానికి కారణం చెబుతాను. మా మరిది దినాలకని పార్టీ పిల్లకాయలు ఫ్లెక్సీ తయారు చేశారు. ఫోన్లో చూపించారు. నడుమ మా మరిది. అటూ ఇటూ మూతికి గుడ్డలు కట్టుకుని, ఒంటికి రబ్బరు బట్టలు తొడుక్కున్న సినిమా వీరులు. వాళ్లందరి నెత్తిన, చేతులు జోడించి నవ్వుతూ మా ఊరి పాత నాయకులిద్దరూ.

"పెద్దాయనకు ఆ సినిమాలంటే పిచ్చి గదా జేజీ, అందుకే ఏయించినాం" అన్నాడొకడు.

"ఇది నా గడప ముందర గట్టినారంటే పొయ్యిలో పెడతా" అన్నాను. నవ్వుతూ పోయారు. ముసలిది మరిచిపోతుందనుకున్నారు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

ఆ సినిమాల సంగతి నాకు తెలియనిది కాదు. కొత్తది వచ్చినప్పుడల్లా మా మరిది నన్ను వెంటబెట్టుకుని పోయేవాడు. బాంబు పేలి వాడికి కుడి కాలు ఈడ్చుకుంటూ నడవాల్సి వచ్చింది, ఎడమ చెవి పోయింది. మంచి చెవి వైపు కూర్చుని మాటలు అందించడం నా పని.

"ఏమంటాండాడు వదినా?"

"ఏమనలా. ఎగుర్తానంటాండాడు. ఎగరనీ."

ఒకడు ఎగురుతాడు. ఒకడు నిప్పు కక్కుతాడు. ఒకడు గోడలోంచి దూరి వస్తాడు. ఒక ఆడమనిషి కంటిచూపుతో లారీని లేపుతుంది. అంత బలమున్నవాళ్లు ఒకరు చాలరా, పదిమంది దేనికి? ఆ పదిమందీ ముందు వాళ్లలో వాళ్లు కొట్టుకుని ఊరు సగం కూలుస్తారు. తర్వాత ఆకాశం నుంచి ఇంకెవడో దిగుతాడు. అప్పుడు వీళ్లు ఒకటై మిగతా సగం కూలుస్తారు. కూలిన మేడలో ఎవరున్నారో, వాళ్ల పొయ్యి మీద ఏం ఉడుకుతోందో ఎవరికీ పట్టదు. వరసగా నిలబడి ఛాతీలు విరుచుకుంటారు. హాల్లో పిల్లకాయలు కాగితాలు చింపి గాల్లోకి విసురుతారు.

"అందురూ ఒకటయ్యే ఆ సీను కోసమే జనం వచ్చేది జేజీ" అంటుంది మనవరాలు.

"ఒకటయ్యేటోళ్లు ముందే గావొచ్చు గదమ్మే. ఊరు గూలినాక ఏంది ఒకటయ్యేది?"

నాకు ఈ కథ కొత్త కాదు. మా ఊళ్లో రెండు వర్గాలుండేవి, వర్గానికొక నాయకుడు. మా పక్క జీపు తోలేవాడొకడు, అడ్డమేదొచ్చినా ఆపడు. చీకట్లో కూడా మనిషిని నడకతో గుర్తుపట్టేవాడొకడు. బాంబు విసిరితే గురి తప్పనివాడు మా మరిది. వాళ్లను గురించి పిల్లలు అరుగుల మీద కథలు చెప్పుకునేవాళ్లు, ఇప్పుడు వీళ్లను గురించి చెప్పుకుంటున్నట్టే. మా ఆయన ఏ కథలోనూ లేడు. కరెంటు వచ్చిందని మడికి నీళ్లు కట్టడానికి పోయి, ఈ పక్క మనిషి అయినందుకు ఆ పక్కవాళ్ల కొడవళ్లకు చిక్కాడు. మా నాయకుడు వచ్చి నా నెత్తిన చెయ్యి పెట్టి జీపెక్కాడు.

కొన్నేళ్లకు పులివెందులలో ఏదో పెళ్లికి మా మరిది నాయకుని వెంట పోయి, సాయంత్రానికే ఒంటరిగా తిరిగి వచ్చాడు.

"ఇద్దురూ ఒగే సోఫాలో కూచున్న్యారు వదినా. ఒగే పార్టీ కండువా. ఒగరికొగరు వక్కాకు అందిచ్చుకుంటాండారు. జనం ఈలలేస్తాండారు."

అంతే చెప్పాడు. మళ్లీ ఆ నాయకుని గడప తొక్కలేదు. ప్రొద్దుటూరులో బట్టల అంగడికి కాపలా ఉన్నాడు. నన్నూ నా బిడ్డలనూ సాకినాడు. మనవరాలి చదువూ వాడి చలవే. ఎక్కడ కూర్చున్నా వీపు గోడకు ఆనించి, వాకిలి కనబడేటట్టు కూర్చునేవాడు. సినిమా హాల్లోనూ వెనక వరస గోడే.

ఆ సినిమాల్లో నాకు ఒళ్లు మండేది చివర. ఆట అయిపోయాక నల్ల తెర మీద ఇంగ్లీషులో పేర్లు కింది నుంచి పైకి పాకుతాయి. చీమల బారు మాదిరి, ఎంతకూ తెగదు. తర్వాత రాబోయే సినిమా ముక్క ఒకటి వేస్తారని పిల్లకాయలు కాచుకుని ఉంటారు. ఇప్పుడు తిన్నది అరగకముందే రేపటిదానికి నోరు తెరవడం. మా మరిది కూడా లేచేవాడు కాదు. అయితే ఆ ముక్క పడగానే, దానివైపు చూడకుండా లేచి నడిచేవాడు. పేర్లు పోతున్నంతసేపూ పెదాలు కదిలేవి.

"నీకు అచ్చరం ముక్క రాదు. ఏంది సదివేది?" అని ఒకనాడు కసిరాను.

"ఈళ్లు టీ ఇచ్చినోని పేరు గూడా ఏస్తారంట వదినా. మన ఊర్లో పోయినోళ్లవి యాడన్నా ఏసినారా? అందుకే ఆ పేర్లు పోతాంటే నేను మనోళ్లవి జెప్పుకుంటాండా."

చెవి దగ్గర పెట్టి విన్నాను. మా వీధివాళ్ల పేర్లు ఒక్కొక్కటే వస్తున్నాయి. ఉన్నట్టుండి ఆ పక్క వర్గంవాడి పేరొకటి వచ్చింది. నాకు కోపం ఆగలేదు.

"వాని పేరు నీ నోట్లో ఎట్లొచ్చ?"

"వాన్ని సంపింది నా చెయ్యే గదా. నేను గూడా జెప్పకుంటే ఎట్ల?"

అందరి తర్వాత, చిట్టచివర వాళ్లన్న, అంటే మా ఆయన పేరు చెప్పేవాడు. అది చెప్పాకే లేచేవాడు.

ఆ పక్కవాడి భార్య నారాయణమ్మ ఇదే ప్రొద్దుటూరులో టమేటాలు అమ్ముతుంది. ఇన్నేళ్లూ ఆమె బండి కనబడితే నేను వీధి మార్చేదాన్ని. మరిది పోయాక నేనే ఆమె దగ్గరికి పోయాను. ఫ్లెక్సీ సంగతి చెప్పాను, పేర్ల సంగతి చెప్పాను, ఈ కాగితం సంగతీ చెప్పాను. ఆమె తుడుస్తున్న టమేటా బండి మీద పెట్టింది.

"సంపినోనికైనా గుర్తుండాడు నా మొగుడు. సంపిచ్చినోళ్లకు ఆ మాత్రం గూడా లేదు" అంది. "యేలిముద్ర యాడెయ్యాల్నో జెప్పక్కా."

కాబట్టి నేను కోరేది ఇది. ఆ ఫ్లెక్సీ ప్రొద్దుటూరులోగానీ మా పల్లెలోగానీ కట్టకూడదు. ఏదన్నా కట్టేటట్టయితే ఒక్క బొమ్మా ఉండకూడదు. ఇటుపక్కా అటుపక్కా పోయినవాళ్ల పేర్లు ఒకదాని కింద ఒకటి రాయాలి. చివర మా మరిది పేరు. నాయకుల పేర్లు వద్దు, వాళ్లు బతికే ఉన్నారు.

ఆ ఆదివారం కూడా ఆట అయిపోయింది, పేర్లు మొదలయ్యాయి. మా మరిది పెదాలు కదులుతున్నాయి. వరస నాకు నోటికి వచ్చేసింది కాబట్టి లోపల నేనూ వెంట నడుస్తున్నాను. మా వీధి అయిపోయింది. నారాయణమ్మ మొగుడు అయిపోయాడు. ఇక ఒక్కటే మిగిలింది. పెదాలు ఆగిపోయాయి. ఊపిరి తీసుకుంటున్నాడనుకున్నాను.

"లెయ్ అబ్బీ" అని చెయ్యి తట్టాను. చెయ్యి ఒడిలోంచి జారింది.

హాలు ఊడ్చే ఖాసింబీ చీపురు పట్టుకుని వచ్చి, మా ఇద్దరినీ చూసి అక్కడే నిలబడిపోయింది. తెర మీద పేర్లు ఇంకా పోతున్నాయి. మా మరిది కళ్లద్దాల్లో తెల్లటి అక్షరాలు పైకి పాకుతున్నాయి. ఆ మిగిలిన పేరు చెప్పడానికి ఇంకెవరూ లేరు. మంచి చెవి దగ్గరికి వంగి నేనే చెప్పాను. పెళ్లయినప్పటినుంచి ఎన్నడూ పలకని పేరు.

తర్వాత అక్షరాలు అయిపోయాయి. రాబోయే సినిమా ముక్క పడింది, పిల్లకాయలు ఈలలు వేశారు. వాడి అద్దాల్లో వేలిగోరంత మనిషి ఒకడు ఎగురుతున్నాడు.

సుబ్బలక్షుమ్మ ఎడమచేతి వేలిముద్ర
చూసి, విని, సరేనన్నవాళ్లు: టమేటాల నారాయణమ్మ (వేలిముద్ర), సినిమా హాలు ఖాసింబీ (సంతకం)