లారీడు పలకలూ ఓపికమ్మా

ఆవిడ అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఇంకెక్కడా వినబడేది కాదు. ఆఫీసంతా ఆవిడని ఓపికమ్మ అనే పిలిచేవాళ్ళం. నేను అదే ఆఫీసులో సరుకు పంపే గుమాస్తాని. ఆవిడ బల్లకీ నా బల్లకీ మధ్య ఒక్క ఇనప బీరువా అడ్డం. అందుకని ఆవిడ గురించి నేను చెప్పేదంతా కళ్ళారా చూసిందీ, చెవులారా విన్నదీ.

మా కంపెనీ టాబ్లెట్ కంప్యూటర్లు తయారుచేసేది. డబ్బా మీద బారెడు పేరు అచ్చువేసేవాళ్ళు గానీ మేమంతా దాన్ని పలక అనేవాళ్ళం. పేరుకి పలకే, నొక్కితే పలికేది కాదు. మీట ఎక్కడో అడుగున, రబ్బరు మూత కింద దాక్కుని ఉండేది. దాన్ని ఏడు లెక్కపెట్టేదాకా నొక్కి పట్టుకోవాలి. ఆ తర్వాత నాలుగు నిమిషాలు అద్దం నల్లగా, ప్రాణం లేనట్టు పడి ఉంటుంది. చాలామంది అక్కడే ఆశ వదులుకుని దుకాణానికి తిరిగిచ్చేసేవాళ్ళు. కాస్త ఆగినవాళ్ళకి దాని గొంతు వినబడేది. ఎంత తగ్గించినా పక్కింటివాళ్ళు తలుపు తీసుకుని వచ్చేంత గొంతు. బరువు సంగతి చెప్పనే అక్కర్లేదు, పడుకుని చూస్తే ముక్కు మీద పడే ప్రమాదం ఉందని డబ్బాలోనే ఒక హెచ్చరిక చీటీ పెట్టాం.

కొన్నవాళ్ళు సందేహాలు అడగడానికి ఒక ఫోన్ ఉండేది. మొదట్లో దాని ముందు ముగ్గురు ఆడవాళ్ళు కూర్చునేవాళ్ళు. కొనేవాళ్ళే లేనప్పుడు అడిగేవాళ్ళెక్కడ? ఇద్దరు వేరే ఉద్యోగాలు చూసుకున్నారు. ఓపికమ్మ మిగిలింది. రెండు రోజులకో ఫోన్ వచ్చేది. అందులోనూ సగం మా కిటికీ ఎదురుగా ఉన్న పరుపుల దుకాణానికి చెయ్యబోయి తప్పు నంబరు నొక్కినవాళ్ళవి. ఆవిడ వాళ్ళనీ పొమ్మనేది కాదు. "నాలుగు అడుగులదా, ఆరు అడుగులదా అండీ? ఒక్క క్షణం ఉండండి" అని కిటికీలోంచి వంగి, పరుపులాయన్ని కేకేసి అడిగి మరీ చెప్పేది. ఆ నెలల్లో మా కంపెనీ పలకల కన్నా ఎదుటాయన పరుపులే ఎక్కువ అమ్మిపెట్టి ఉంటుంది.

"మీకు విసుగు రాదా?" అని ఒకసారి అడిగాను.

"మా నాన్న రేడియోలు బాగుచేసేవారు" అంది. "రోజుకి ఒకరైనా రేడియో చచ్చిపోయిందని పరిగెత్తుకొచ్చేవాళ్ళు. చూస్తే లోపల బ్యాటరీలు తిరగేసి ఉండేవి. మేం పిల్లలం పక్కున నవ్వితే నాన్న మమ్మల్ని బయటికి పంపేసేవారు. తెలియక అడిగినవాణ్ణి చూసి నవ్వితే వాడు ఇంకెప్పుడూ ఎవర్నీ ఏమీ అడగడు అనేవారు. ఆ మాట ఒంటబట్టిపోయింది."

చివరికి మేనేజర్ చేతులెత్తేశాడు. కింద గోడౌన్లో మిగిలిన రెండు వేల నాలుగు వందల పలకల్నీ ఊరి బయట, విడగొట్టి తుక్కు తీసే కార్ఖానాకి పంపమన్నాడు. ఓ నీలం రంగు లారీకి ఎక్కించాం. లారీ డ్రైవర్ బండి సొంతంగా కొనుక్కున్న మనిషి. తన చొక్కా కన్నా లారీ అద్దాన్ని ఎక్కువసార్లు తుడిచేవాడు. మధ్యాహ్నం దారిలో భోజనానికి ఆగాడట. చెయ్యి కడుక్కుని వచ్చి చూస్తే లారీ నిలబెట్టిన చోట నూనె మరక తప్ప ఏమీ లేదు.

ఆ సాయంత్రం కబురు తెలియగానే, ఒప్పుకోవాలి, మేం నవ్వాం. మేనేజర్ అయితే కుర్చీలో వెనక్కి పడబోయాడు. "ఆ దొంగ ఎవరో గానీ పాపం!" అన్నాడు. ఫిర్యాదు రాసుకోవడానికి వచ్చిన ఇన్‌స్పెక్టర్ ఒక పలకని చేతిలోకి తీసుకుని, కాసేపు నొక్కి, "ఇంతకీ ఫిర్యాదు మీరిస్తారా, వాణ్ణొచ్చి ఇమ్మంటారా?" అన్నాడు. మళ్ళీ నవ్వులు.

ఆ నవ్వుల మధ్య డ్రైవర్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మేమెవరమూ చూడలేదు. ఓపికమ్మ చూసింది. లేచి వెళ్ళి టీ తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"అన్నా, ముందు ఇది తాగండి."

"సరుకు మీకు పనికిరానిదే కావచ్చమ్మా" అన్నాడు. "లారీ నా కాళ్ళూ చేతులూ."

మా నవ్వు గాలి తీసేసినట్టు ఆగిపోయింది. ఆ తర్వాత రెండు రోజులూ అతను పొద్దున్నే వచ్చి మా మెట్ల మీద కూర్చునేవాడు. ఎవరైనా కబురు తెస్తారేమోనని వీధి వైపే చూసేవాడు. ఓపికమ్మ తన కారియర్‌లో ఇంకో గిన్నె చేర్చి తేవడం మొదలుపెట్టింది.

మూడో రోజు పదిన్నరకి ఫోన్ మోగింది. చెవికి పెట్టుకునే పరికరం ఎప్పుడో విరిగిపోయింది. వచ్చే ఆ నాలుగు ఫోన్లకి కొత్తదెందుకని మేనేజర్ కొననివ్వలేదు. దాంతో ఆవిడ ఫోన్లన్నీ గదంతా వినబడేలా పెట్టేది.

"నమస్కారం. చెప్పండి, మీ పలకకి ఏమైంది?"

"అవడానికి అది మొదలైతే కదా!" మగగొంతు, విసుగ్గా. "నొక్కీ నొక్కీ నా బొటనవేలు వాచిపోయింది."

"అయ్యో. డబ్బా అడుగున ఓ నంబరు ఉంటుంది. చదవండి."

అతను చదివాడు. ఆవిడ రాసుకుని, కలం ఆపి, కాగితం నా వైపు తిప్పింది. లారీకెక్కిన నంబర్ల జాబితా ఇన్‌స్పెక్టర్ అడిగాడని నా బల్ల మీదే ఉంచాను. చూశాను. మూడో పేజీ, పై నుంచి ఆరోది. ఇన్‌స్పెక్టర్‌కి చెప్పాలని ఇంకో ఫోన్ అందుకోబోతే ఆవిడ చెయ్యెత్తి ఆగమంది.

"సరే, ఇప్పుడు కింద రబ్బరు మూత ఉందా? గోరుతో లేపండి. లోపల మీట కనబడిందా? నొక్కి పట్టుకుని నాతోపాటు లెక్కపెట్టండి. ఒకటి..."

"ఒకటి, రెండు, మూడు..." దొంగా ఓపికమ్మా కలిసి ఏడుదాకా లెక్కపెట్టారు.

"రాలేదు" అన్నాడు.

"రాదు. నాలుగు నిమిషాలు ఆగాలి."

"నాలుగు నిమిషాలా! ఈలోపు స్నానం చేసి రావచ్చు."

"కొంతమంది చేసే వస్తారండీ."

అవతల నవ్వాడు. నవ్వాక మనిషి మెత్తబడ్డాడేమో, గోడు వెళ్ళబోసుకున్నాడు. సంతలో పదకొండు అమ్మాడట. పది మంది సాయంత్రానికల్లా వెనక్కి తెచ్చి తిట్టిపోశారట. ఒకడైతే విసిరేశాడట. "తల మీద పడి ఉంటే ఇవాళ మీకు ఫోన్ చేసేవాణ్ణి కాదు. ఒక ముసలమ్మ మాత్రం ఇంకా తేలేదు. ఆవిడ మళ్ళీ కనబడితే ఏం అంటుందోనని అటు వెళ్ళడమే మానేశాను."

అంతలో పలక లేచింది. మొదలయ్యేటప్పుడు అది ఊదే బాకా ఫోన్లోంచి మా గదినే అదరగొట్టింది. అవతల ఏదో కిందపడిన చప్పుడు, "అమ్మో!" అన్న కేక. కాస్సేపటికి నీరసంగా అడిగాడు, "అమ్మా, ఇవి వాపసు తీసుకుంటారా?"

"తీసుకుంటాం. ఎన్ని ఉన్నాయి?"

నీళ్ళు నమిలాడు. "కొంచెం ఎక్కువే."

"రెండు వేల మూడు వందల తొంభై తొమ్మిది ఉండాలి కదూ?" అంది ఓపికమ్మ, పరుపు కొలత అడిగినంత మామూలుగా.

ఫోన్ పెట్టేశాడేమో అనుకున్నాను.

"మీరు పోలీసా?"

"కాదు నాయనా. ఎవరికైనా పలక పలకకపోతే సాయం చేసేదాన్ని. అంతే. పలకల గురించి బెంగపడకండి, వాటిని విరగ్గొట్టడానికే పంపించాం."

"విరగ్గొట్టడానికా!" అతని గొంతులో ఏడుపొక్కటే తక్కువ. "నా నడుం విరగ్గొట్టుకుని అన్నీ దించి, మళ్ళీ అన్నీ ఎక్కించానే!"

"కానీ లారీ ఆ డ్రైవరన్నది. ఆయనకి ఉన్నదదొక్కటే. ఇప్పుడు మా మెట్ల మీద కూర్చుని ఉన్నాడు."

ఈసారి మాట్లాడినప్పుడు మాట నెమ్మదిగా వచ్చింది. "స్టీరింగ్ పక్కన చిన్నపిల్ల గీసిన లారీ బొమ్మ అంటించి ఉంది. నేను దాన్ని ముట్టుకోలేదు. నాకు రోజూ అదే కనబడుతోంది." తర్వాత అడిగాడు, "లారీ వదిలేస్తే పోలీసులకి చెప్తారా?"

"చెప్తాను. ఫోన్ వచ్చిందని, మనం ఏం మాట్లాడుకున్నామో అంతా చెప్తాను. దాచడం నాకు చేతకాదు. మీ పేరు మాత్రం నాకు తెలియదు. నేను అడగలేదు, మీరు చెప్పలేదు."

అప్పుడు గమనించాను. పేరు అడగడం ఆ ఉద్యోగంలో మొట్టమొదటి నియమం. అన్నేళ్ళలో ఆవిడ దాన్ని తప్పడం నేను చూసింది ఆ ఒక్కసారే.

"రెండింటికల్లా, ఊరి బయట లారీలు బరువు తూచే కాటా వెనకాల" అని ఫోన్ పెట్టేశాడు.

ఓపికమ్మ వెంటనే ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ చేసి, అన్నట్టే పూస గుచ్చినట్టు చెప్పింది. ఆ ఫోన్ బస్టాండ్ దగ్గర ఒక దుకాణంలోంచి వచ్చిందని తర్వాత తేలింది. రోజుకి వంద మంది మాట్లాడే చోటు. ఇన్‌స్పెక్టర్ కొన్నాళ్ళు వెతికాడు, ఆ మనిషి దొరకలేదు.

లారీ మాత్రం ఒంటిగంటన్నరకే దొరికింది. డబ్బాలు మేం పేర్చినదానికన్నా పొందిగ్గా పేర్చి ఉన్నాయి. తాళం చెవి సీటు మీద ఉంది. డ్రైవర్ లారీ చుట్టూ మూడుసార్లు తిరిగాడు, చక్రాలు తట్టాడు, తలుపు తెరిచి బొమ్మ ఉందో లేదో చూసుకున్నాడు. తర్వాత మా వీధిలోకి వస్తూ మలుపు దగ్గర మొదలుపెట్టిన హారన్ మా గుమ్మం దాకా ఆపలేదు. పరుపులాయన, మేనేజర్, పై అంతస్తు టైలరమ్మ, అందరం వీధిలోకి వచ్చేశాం. అతను దిగి ఓపికమ్మ రెండు చేతులూ పట్టుకుని ఏదో చెప్పబోయాడు. చెప్పకుండానే లారీ ఎక్కి ఇంకోసారి హారన్ కొట్టాడు.

వార్త పేపర్లో పడింది. నాలుగో రోజున ఇంకో ఫోన్. ముసలి గొంతు, గట్టి గొంతు. ఆవిడ రిటైరైన నర్సమ్మ.

"నేను సంతలో కొన్న పలక దొంగసొత్తని పేపర్లో చూశాను. ధర ఎంతో చెప్పండి, కడతాను. వెనక్కి ఇమ్మంటే మాత్రం ఇవ్వను."

గదిలో ఉన్న మేనేజర్ నోరు తెరిచాడు. తన కంపెనీ పలకని వెనక్కి ఇవ్వనన్న మనిషిని ఆయన పుట్టాక చూడలేదు.

"మీకు అది నచ్చిందా అండీ?" అంది ఓపికమ్మ. ఆవిడక్కూడా ఆశ్చర్యమే.

"నచ్చదా? నా చెవికి ఆనే యంత్రం ఇన్నేళ్ళకి దొరికింది. మా చెల్లెలు మాట్లాడితే మాట మాట వినబడుతోంది. అక్షరాలు కళ్ళజోడు లేకుండా కనబడుతున్నాయి. బరువుంది కాబట్టి చేతిలోంచి జారదు."

"మొదలవడానికి నాలుగు నిమిషాలు పడుతుంది కదండీ..."

"అమ్మాయ్, నేను కుర్చీలోంచి లేవడానికే అయిదు పడుతుంది. నేను వెళ్ళేసరికి అది సిద్ధంగా ఉంటోంది."

ఆ ఆదివారం ఓపికమ్మ నర్సమ్మ ఇంటికి వెళ్ళింది. అక్కడ నర్సమ్మ స్నేహితురాళ్ళు ఏడుగురు వరుసగా కూర్చుని ఉన్నారట, అందరూ "నాకొకటి" అనేవాళ్ళే. సోమవారం పొద్దున మేనేజర్ బల్ల ముందు నిలబడి, "సార్, మనం ఇన్నాళ్ళూ వీటిని తప్పు మనుషులకి అమ్మాం" అంది. మేనేజర్ తల గోక్కున్నాడు. కార్ఖానాకి ఫోన్ చేసి సరుకు రావడం లేదని చెప్పాడు.

అప్పట్నుంచి మా దశ తిరిగింది. నీలం లారీ పలకల్ని వృద్ధాశ్రమాలకీ, గ్రంథాలయాలకీ, పింఛనుదార్ల సంఘాలకీ మోసింది. డ్రైవర్ తనే డబ్బాలు దించి, "జాగ్రత్తమ్మా, ముక్కు మీద పడుతుంది" అని హెచ్చరించి మరీ ఇచ్చేవాడు. ఫోన్ రోజంతా మోగేది. మేనేజర్ చెవి పరికరాలు మూడు కొన్నాడు, పాత ఇద్దరు ఆడవాళ్ళనీ బతిమాలి వెనక్కి పిలిచాడు. బుధవారం మధ్యాహ్నాలు ఓపికమ్మ గ్రంథాలయంలో పాఠం చెప్పేది. ఇరవై మంది పెద్దవాళ్ళు ఒకేసారి ఏడు లెక్కపెట్టి, నాలుగు నిమిషాలు కబుర్లు చెప్పుకునేవాళ్ళు. ఆ తర్వాత ఇరవై బాకాలు ఒక్కసారిగా మోగేవి. మొదటి వారం గ్రంథపాలకుడు లేచి పరిగెత్తాడు. రెండో వారం నుంచి తన కుర్చీ కూడా తెచ్చుకుని కూర్చున్నాడు.

ఓపికమ్మ భర్త బడి బస్సు నడుపుతాడు. ఒక సెలవు రోజున బడివాళ్ళని అడిగి, ఆ ఇరవై మందినీ నది ఒడ్డుకి తీసుకెళ్ళాడు. పిల్లల సీట్లలో మోకాళ్ళు గడ్డానికి తగులుతుంటే పెద్దవాళ్ళు ఒకటే అల్లరి. నన్నూ, మేనేజర్‌నీ రమ్మన్నారు. నీళ్ళ పక్కన అందరూ పలకలు ఎత్తి ఫొటోలు తీశారు. బరువుకి చేతులు వణికి ప్రతి ఫొటో ఓ పక్కకి ఒరిగిపోయింది. సగంలో నది ఆకాశం మీదికి పాకుతోంది, సగంలో మేనేజర్‌కి తల లేదు. దాదాపు అన్నిటిలోనూ ఎక్కడో ఒక మూల ఓపికమ్మ ఉంది, నర్సమ్మ చెప్పిన ఏదో మాటకి కడుపు పట్టుకుని, కళ్ళు మూసుకుని నవ్వుతూ.