తెలియకపోతే ‘వద్దు’ అనండి

హైటెక్ సిటీలో మా ఆఫీసు తయారుచేసేది ఆస్పత్రుల్లో టోకెన్ నంబర్లు చూపించే తెరల్ని. ఆ తెరలకి వెలుగిచ్చింది నేనేనని కొత్తవాళ్లకి చెబుతుంటాను. రిటైరయ్యాక కూడా సలహాదారుగా ఎందుకు ఉంచారనుకున్నారు? నేను లేకపోతే ఖాజాగూడ నుంచి బాచుపల్లి దాకా రోగులంతా తమ వంతు తెలియక కుర్చీల్లోనే ముసలివాళ్లైపోరూ!

సరే, అంత లేదు.

తెర మీద బొమ్మ గీయడానికి కెర్నల్లో, అంటే సిస్టమ్ గుండెకాయలో, రెండు దారులున్నాయి. పాతదారిలో ఏ ప్రోగ్రామైనా నేరుగా వచ్చి గీసుకుపోవచ్చు. దొంగలకీ అదే సులువు. కొత్తదారిలో కాపలా ఉంటుంది. మా ఆఫీసులోనే, తెల్లాపూర్ నుంచి వచ్చే ఒక అమ్మాయి ఆ పాతదారికి స్విచ్ పెట్టింది. కావలసినవాళ్లు తెరుచుకుంటారు, మిగతావాళ్లకి మూసి ఉంటుంది. ఈ మార్పు తెరల కొత్త వెర్షన్‌లో వెళ్తేనే ఆమె ఉద్యోగం పర్మనెంటు.

మీటింగులో గొంతు సవరించుకున్నాను.

"ఆ దారి వేసింది నేనమ్మా. మూశావంటే సగం ఊళ్లో తెరలు నల్లబడతాయి."

"తీసేస్తలేను సార్, ఆప్షనల్ చేస్తున్న. ఇంతకీ ఏ ప్రోగ్రాములు వాడుతున్నయ్?"

"ఒకటా రెండా!"

మేనేజరు భయపడి ఆ మార్పుని ఆపేశాడు. నాకు కడుపు నిండింది.

ఆమె నా మాట నమ్మింది. అదే ఇప్పటికీ మింగుడుపడదు. ఆదివారాలు చర్చి మానుకుని, స్కూటీ మీద ఆస్పత్రులు తిరిగి, ఒక్కో తెరనీ పాతదారి మూసి నడిపి చూసింది. ఓ రోజు క్యాంటీన్‌లో టీ తెచ్చుకుని నా ఎదురుగా కూర్చుంది.

"ఒక్కటే దొరికింది సార్. తెర ఆన్ కాంగనే నెమలి పురి ఇప్పుతది చూడుండ్రి, గది. లోపల మీ పేరుంది. ఎవ్వరికీ చెప్పలే."

నెమలి నాదే. దారి మాత్రం నేను వేసింది కాదు. ఎవరో రాసింది తెచ్చి, ఎరుపూ నీలం తారుమారైతే సరిచేశాను. నా ఘనకార్యమంతా ఆ రెండు రంగులే.

"స్విచ్ కింద నోట్ రాయాలె కద, ఎవరికి అవసరమో. దారి ఏసింది మీరు, మీరే రాయుండ్రి."

ఆమె ముఖంలో వెటకారం కోసం వెతికాను. లేదు.

కెర్నల్లో స్విచ్‌ల కింద వివరణ ఉంటుంది. చాలావాటికి చివర ఒకటే ఆనవాయితీ వాక్యం: తెలియకపోతే ‘వద్దు’ అనండి. ఇన్నేళ్లూ చదివాను, ‘నాకు తెలియదు’ అని మాత్రం ఏనాడూ అనలేదు. ఇప్పుడూ ఆ వాక్యమొక్కటే రాసి పంపాను. తిరిగొచ్చింది.

"సార్, ఇది అన్నిటికీ ఉంటది. ఎవరికి అవసరమో రాయలే."

ఈసారి ఆ వాక్యానికి పైన చేర్చాను: ‘దీన్ని వాడేది ఒక్క నెమలి. దాన్ని గీసినవాడు మీటింగులో అబద్ధమాడాడు. ఎవరికీ అవసరం లేదు.’

మేనేజరుకి పంపేముందు ఆమె అబద్ధం గురించిన నడిమి వాక్యం కొట్టేసింది. మార్పు వెళ్లింది, ఉద్యోగం ఖాయమైంది. ముందే హెచ్చరించి తెరలన్నీ పరీక్ష చేయించానని మీటింగులో మేనేజరు నా ముందుచూపుని మెచ్చుకున్నాడు. ఆమె కూడా చప్పట్లు కొట్టింది. నేను ‘అబ్బే’ అనైనా అనలేదు.

మొన్న మోకాలి నొప్పికి ఆస్పత్రికెళ్లాను. తెర వెలిగింది. నెమలి లేదు, నేరుగా నంబర్లే. తల దించుకుని కూర్చున్నాను. నా వంతు వచ్చిందని పక్కాయన చెప్పాల్సి వచ్చింది.