ఎగ్జిక్యూటర్ గారు కోరుకున్న చెట్టు

దశరథరామయ్య గారికి ఉన్నది ఒకటే జబ్బు. పరాయి సొమ్ము గాలి కూడా తన ఒంటికి తగలకూడదు. మామూలు రోజుల్లో దీనివల్ల ఎవరికీ ఇబ్బంది లేదు. నూజివీడు పక్కన మామిడితోట ఉన్న రామచంద్రరావు గారు పోతూ పోతూ ఈ స్నేహితుణ్ని తన వీలునామా అమలు చేసే ఎగ్జిక్యూటర్ని చేసిపోయారు చూడండి, తమాషా అక్కడ మొదలైంది.

తోట చూసుకోవడానికి వస్తే మంచినీళ్లు, మడతకుర్చీ, గొడుగు అన్నీ ఇంటి నుంచే మోసుకొచ్చేవారు. చుట్టూ అన్ని చెట్లు పెట్టుకుని నడి ఎండలో గొడుగు కింద కూర్చునేవారు. నీడకి రండి బాబూ అని తోట కాపలా చూసే నాగేంద్రమ్మ బతిమాలింది.

"నీడ కూడా ఎస్టేటేనమ్మా. పంపకాలయ్యేదాకా కాపాడే బాధ్యత నాది, అనుభవించే హక్కు నాది కాదు," అన్నారాయన, చెమట తుడుచుకుంటూ.

ఓసారి ఉడత కొరికి వదిలేసిన రసం కాయ ఆయన చేతిసంచిలో పడింది. ఇంటికెళ్లాక చూసుకుని, సొంత డబ్బుతో ఆటో మాట్లాడుకుని వెనక్కొచ్చి, ఏ చెట్టుదో కనుక్కుని మరీ దాని మొదట్లో పెట్టి వెళ్లారు. నాగేంద్రమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

ఆవిడకి నవ్వు వచ్చినా అది ఎంతోసేపు నిలిచేది కాదు. కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఉంటున్న గుడిసె తోట మూలన ఉంది. "నిన్నెవరూ కదపరులే," అని రామచంద్రరావు గారు నోటితో అన్నారు గానీ, వీలునామాలో రాయడం మర్చిపోయారు. ఆయన కొడుకు ఉదయ్ కిరణ్ వాటాలు తేలగానే గుడిసె పీకించి కంచె వేయిస్తానని చెప్పేశాడు. ఎగ్జిక్యూటర్ గారి దగ్గరికెళ్లి మొరపెట్టుకుంటే, వీలునామాలో లేనిది ఇచ్చే అధికారం తనకు లేదన్నారు. చాదస్తం తప్ప జాలి లేని మనిషని ఆవిడ తిట్టుకుంది.

అధికారం ఉన్నచోట మాత్రం పులే. ఎండాకాలంలో ఈదురుగాలి లేచి కాయ రాలడం మొదలవగానే, ఎవరినీ అడక్కుండా తెల్లారేసరికి పంటంతా కోయించి అమ్మేశారు. వచ్చిన డబ్బుతో ముందుగా రామచంద్రరావు గారి అప్పులు తీర్చేశారు. మమ్మల్నడగరా అని ఉదయ్ కిరణ్ ఒంటికాలి మీద లేచాడు.

"అడుగుతూ కూర్చుంటే కాయ కుళ్లిపోతుంది నాయనా. అమ్మే అధికారం నాది, తినే యోగం మీది," అన్నారు నిదానంగా.

పంపకాల రోజు రానే వచ్చింది. ఉదయ్ కిరణ్, చెల్లెలు యోగిత, సర్వేయరు, గొలుసులు, జెండాలు, తోటంతా పెళ్లివారిల్లులా హడావిడి. నాగేంద్రమ్మ గిన్నెలు మూటకట్టుకుని గుమ్మంలో కూర్చుంది.

ముందుగా దశరథరామయ్య గారు వీలునామా చదివారు. అందులో ఆయనకీ ఒక మాట ఉంది. ఎగ్జిక్యూటర్ తనకు నచ్చిన ఒక్క చెట్టుని, కొమ్మలు పరుచుకున్నంత మేరా నేలతో సహా తీసుకోవాలట. అన్నాచెల్లెళ్లకి ఇన్నాళ్లూ అదే గుబులు. బోరు పక్కన విరగకాసే బంగినపల్లి మీద చెయ్యి వేస్తారేమోనని ఇద్దరూ ఆయన వెనకాలే నడిచారు.

ఆయన దాన్ని దాటేశారు. చిన్నరసాలు దాటేశారు. చిలకలు కూడా ముట్టని పుల్లటి నాటుమామిడి దగ్గర ఆగి, దాని మీద చెయ్యి వేశారు. నాగేంద్రమ్మ గుడిసె ఉన్నది దాని కిందే.

"దీని కింద గుడిసె ఉంది కదా బాబాయ్?" అన్నాడు ఉదయ్ కిరణ్.

"నేలతో సహా అని మీ నాన్న రాశాడు. ఆ నేల మీద ఎవరుండాలో ఇక నా ఇష్టం."

ఇన్నాళ్లూ ఒక్క ఆకు ముట్టని మనిషిని ఆశపోతని అనడానికి ఎవరికి నోరొస్తుంది? యోగిత అయితే పైకే నవ్వేసి, అన్నయ్యా, సంతకం పెట్టు అంది.

ఇంత ఓపిగ్గా ఎండలో ఎందుకు మాడారో నాగేంద్రమ్మకి అప్పుడర్థమైంది. ఆనందం పట్టలేక మూట అక్కడే వదిలేసి పరిగెత్తుకొచ్చింది. ఏటా కాయలన్నీ కోసి బుట్టలకెత్తి ఇంటికి పంపిస్తానంది.

ఆయన హడలిపోయి రెండడుగులు వెనక్కి వేశారు.

"ఒక్కటి కూడా పంపకు తల్లీ. నాకు పులుపు పడదు."