మస్తాన్‌కు నేను ఎంచి ఇచ్చిన దుర్బీను

పోయినవాటిని ముందు లెక్క పెడతాను. నాకు బాగా వచ్చిన పని అదొక్కటే. మస్తాన్‌కు ఆదివారాలు పోయాయి. జరీ అంచుల మీద చేసే సన్నపు కుట్టుపని పోయింది. దాని కోసం ఆదోని నుంచి కూడా మనుషులు వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. రెండు పెళ్లిళ్ల సీజన్ల కష్టం పోయింది. తన కళ్ల మీద తనకున్న నమ్మకం పోయింది. నాకు ఒక స్నేహితుడు పోయాడు. అతను ఇప్పటికీ వారానికి నాలుగు రోజులు నాతో టీ తాగుతాడు కాబట్టి ఆ సంగతి అతనికి తెలియదు. ఇవన్నీ పోవడానికి కారణం నేను. ఆరేళ్లుగా దీన్ని మోస్తున్నాను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరు నా ముఖం చూడలేరు కాబట్టి మీకు చెబుతున్నాను.

నా పేరు వద్దు. కోడుమూరు దగ్గర ఒక వేరుశనగ మిల్లులో లారీల కాటా చూసే గుమస్తాను. యాభై దాటాయి. పదో తరగతితో చదువు ఆగింది. ఆ తర్వాత నేర్చుకున్నదంతా నాకు నేనే నేర్చుకున్నాను. వడ్డీ లెక్కలు, భూమి కొలతలు, ఆఖరికి దుర్బీను అద్దాల సంగతులు. మా చుట్టుపక్కల చేలల్లో కృష్ణజింకలు తిరుగుతాయి. వాటిని కొట్టే మనుషులం కాదు. అది నేరం, పైగా మాకు ఆ బుద్ధి లేదు. గాలికి ఎదురుగా, గట్ల చాటున, వంగి, అవసరమైతే పాకి, మంద బెదరకుండా ఎంత దగ్గరికి పోగలమో అంత దగ్గరికి పోయి చూసి రావడం. అంతే. ఇరవై ఏళ్లుగా నాకున్న పిచ్చి అదే.

మస్తాన్ దర్జీ. నాకంటే ఎనిమిదేళ్లు చిన్న. అతన్ని చేలల్లోకి తీసుకుపోయింది నేనే. పాకేటప్పుడు మోచేతులు ఎక్కడ ఆనించాలో నేర్పింది నేనే. నా దగ్గర మూలపడిన బొమ్మలాంటి దుర్బీనును అతని మెడలో వేసింది కూడా నేనే. ఏడాది తిరిగేసరికి నేను వంద అడుగుల్లో ఆగిపోయే చోట అతను యాభైకి పోయేవాడు. జింకలు తలెత్తి అతన్ని చూసి మళ్లీ మేతలో పడేవి. నన్ను చూస్తే దూకేవి. దానికి లెక్క ఏముంది? ఎక్కడ నేర్చుకోవాలి? రాత్రుళ్లు పడుకుని ఆలోచించేవాణ్ని. అతను నాకంటే తేలికైన మనిషి, అడుగు చప్పుడు తక్కువ, అని సరిపెట్టుకునేవాణ్ని. అతని బరువు నాకంటే మూడు కిలోలే తక్కువ. మిల్లులో బస్తాలు తూచే చిన్న కాటా మీద ఇద్దరం ఎక్కి చూసుకున్నాం.

కర్నూలు నుంచి నెలకోసారి ఒక బృందం జింకలను చూడటానికి వచ్చేది. కాలేజీలో పాఠాలు చెప్పే ఒక పెద్దాయన, బ్యాంకు ఉద్యోగులు, ఇంకో ఇద్దరు ముగ్గురు. ముందురోజు ఫోను నాకు చేసేవాళ్లు. చేసి, మస్తాన్ వస్తున్నాడా అని అడిగేవాళ్లు. ఫోను నాకు, ప్రశ్న అతని గురించి. ఇది చదివి ఇంత చిన్న విషయమా అని మీరనుకోవచ్చు. నేనూ అనుకున్నాను. చిన్నదని తెలిసినా అది తగ్గలేదు.

ఒక్క విషయంలో మాత్రం నేను అతనికంటే పైన ఉండేవాణ్ని. నా దుర్బీను మంచిది. చాలాకాలం కూడబెట్టి కొన్నది. పొద్దు పొడవకముందు మసక వెలుతురులో కొమ్ముల మెలికలు నాకు కనిపించేవి, అతనికి కనిపించేవి కావు. ఎన్ని మెలికలన్నా అని అతను నన్ను అడగాల్సి వచ్చేది. ఆ అడగడం నాకు ఇష్టం.

అలాంటప్పుడు మస్తాన్ వచ్చి, కర్నూలు పాత ఊళ్లో ఒక స్టూడియో ఆయన దగ్గరికి రెండు జర్మనీ దుర్బీనులు అమ్మకానికి వచ్చాయని, నువ్వు వచ్చి చూసి ఎంచిపెట్టమని అడిగాడు. పెళ్లిళ్ల షేర్వాణీలు కుట్టి దాచుకున్న పద్దెనిమిది వేలు జేబులో ఉన్నాయి. బస్సులో కర్నూలు దాకా అతను మాట్లాడుతూనే ఉన్నాడు. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

రెండూ వాడినవే. ధర ఒకటే. ఒకటి కొత్తదానిలా మెరుస్తోంది. రెండోదానికి ఒళ్లంతా గీతలు, కంటికి ఆనించే రబ్బరు అరిగిపోయింది. సెకండ్ హ్యాండ్ దుర్బీనును పైన మెరుపు చూసి కొనకూడదు. టార్చి వేసి లోపల బూజు ఉందేమో చూడాలి. చెవి దగ్గర మెల్లగా కదిపి లోపల ఏదైనా ఊగుతోందేమో వినాలి. అన్నిటికంటే ముఖ్యం, దూరంగా ఉన్న అడ్డగీతను చూస్తూ దుర్బీనును మెల్లగా కళ్లకు ఎడంగా జరపాలి. రెండు గొట్టాలూ సమంగా ఉంటే గీత ఒకటిగానే ఉంటుంది. ఎప్పుడో కిందపడి లోపలి అద్దం జరిగి ఉంటే, ఆ గీత విరిగి ఒక సగం పైకి, ఒక సగం కిందికి పోతుంది. అలాంటిది కొద్దిసేపు చూస్తే ఏమీ తెలియదు. కళ్లు సర్దుకుంటాయి. గంట చూస్తే తల పగులుతుంది.

ఎదురు మేడ పిట్టగోడను చూశాను. గీతలు పడినదాంట్లో గోడ ఒక్కటే గీత. వెలుతురు నా దానికంటే ఎక్కువ. అంచుల దాకా తేట. నా దుర్బీను దాని ముందు నిలవదు. మెరిసేదాంట్లో పిట్టగోడ రెండు ముక్కలైంది.

నేను చెప్పకముందే మస్తాన్ గీతలు పడినదాన్ని తీసుకుని చాలాసేపు చూశాడు.

"ఇది కంటికి హాయిగా ఉండాదన్నా. ఆ కొత్తదాంట్లో ఏదో లాగినట్ల ఉండాది."

"అలవాటు లేక అట్లుంటాది. మంచి అద్దాలు మొదట్లో లాగుతాయి. దీని గీతలు చూడు, ఎన్ని చేతులు మారిండాదో."

"అయితే ఇది వద్దంటావా?"

"కొత్తదే తీసుకో."

"నువ్వు చెప్తే సరే. గుండీలు కుట్టేటోనికి నాకేం తెలుసు."

అతను నవ్వి దుడ్లు లెక్కపెట్టి ఇచ్చాడు. గీతలు పడినది నేను కొనుక్కోవాలని అలా చేశానా? లేదు. అంత సొమ్ము నా దగ్గర లేదు, మళ్లీ ఆ షాపు వైపు పోలేదు. అది అతని మెడలో ఉండకూడదు. అంతే. నాకు లాభం ఉండి చేసి ఉంటే ఇంత సిగ్గు ఉండేది కాదేమో.

మూడో ఆదివారానికే తలనొప్పి మొదలైంది. కళ్లలో నీళ్లు కారుతున్నాయన్నాడు. ఒక్కోసారి ఒక జింక రెండుగా కనిపిస్తోందన్నాడు. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు కదా? బాగుచేసేవాళ్లున్నారు, ఒక మర తిప్పితే లోపలి అద్దం చోటికి వస్తుంది. కళ్లు చూపించుకో అన్నాను. నా నోటి నుంచి ఆ మాట ఎంత మామూలుగా వచ్చిందో ఇప్పటికీ గుర్తుంది. వాళ్ల నాయన కూడా దర్జీయే, యాభై నిండకముందే చూపు పోయింది. ఆయనకు కూడా మొదట్లో డాక్టర్లు ఏమీ లేదనే చెప్పారట. ఇది నాకు తెలుసు. తెలిసే అన్నాను. మస్తాన్ కర్నూలు వెళ్లి చూపించుకుంటే డాక్టరు ఏమీ లేదన్నాడు. నాయనకు చెప్పిన మాటే తనకూ చెప్పారని ఇంటికొచ్చి భార్యతో చెప్పుకున్నాడు. దుర్బీను మీద అతనికి అనుమానం రాలేదు. దాన్ని పరీక్ష చేసింది నేను కదా.

ఆ చలికాలం కర్నూలు బృందం జింకలను లెక్కపెట్టడానికి వచ్చింది. మాకు అప్పజెప్పిన చోట అర కిలోమీటరు దూరంలో మంద. పత్తి కట్టె తీసేసిన నల్లరేగడి చేను, దాని వెనక గట్టు, గట్టు అవతల కంది. అందరం విడివిడిగా లెక్కపెట్టాం. నాకు ఇరవై నాలుగు వచ్చాయి. మిగతావాళ్లకూ అటూ ఇటూగా అంతే. మస్తాన్ ముప్పై ఒకటి అన్నాడు.

కాలేజీ పెద్దాయన, ఏం మస్తానూ, నీ మందలో కవలలు ఎక్కువా అన్నాడు. మంచి మనిషే, సరదాకి అన్నాడు. మస్తాన్ తన కళ్ల సంగతి అంతకుముందే అందరికీ చెప్పుకున్నాడు కాబట్టి అందరికీ అర్థమైంది. మొదట నవ్వింది నేను.

"దుర్బీను దించేసి చూసినాను సారూ," అన్నాడు మస్తాన్. "ఉత్త కండ్లతోనే లెక్కబెట్టినా."

అర కిలోమీటరు ఉత్త కళ్లతోనా అని ఇంకా నవ్వారు. చివరికి అతనూ నవ్వాడు. ఇరవై నాలుగు ఖాయం చేసుకుని అందరూ ఉగ్గాని, బజ్జీలు తినడానికి రోడ్డు మీదికి నడిచారు. అతను వాళ్ల వెనక తల వంచుకుని పోయాడు. గొడుగులూ నీళ్ల సీసాలూ సర్దడానికి నేను ఒక్కణ్నే ఆగాను.

గట్టు వెనక కందిలోంచి ఆడజింకలు లేచాయి. పడుకుని ఉన్నవి. ఒకటి లేస్తే, దాని వెనక ఇంకొకటి. ముందు వాటి చెవులు మాత్రమే ఆకుల పైకి కనిపించి ఉంటాయి. ఆ చెవులనే అతను పట్టాడు. నా మంచి దుర్బీనుతో రెండుసార్లు లెక్కపెట్టాను. రెండుసార్లూ ఒకటే వచ్చింది. రోడ్డు రెండు వందల గజాలు లేదు. ఒక్క కేక వేస్తే చాలు. అతని కళ్లు నిక్షేపంగా ఉన్నాయని అందరి ముందూ తేలిపోయేది. వేయలేదు. గొంతు దాకా వచ్చిందని అబద్ధం కూడా చెప్పను. రాలేదు.

తర్వాత మస్తాన్ చేలల్లోకి రాలేదు. జరీ పని ఒప్పుకోవడం మానేశాడు, ఒకరి పట్టుచీర పాడుచేస్తానేమోనని. మిషను అమ్మాడు. మా మిల్లులో గోనె సంచుల మూతులు దబ్బనంతో కుట్టే పని ఇప్పించింది నేనే. అందుకు అతని భార్య నన్ను ఇంటికి పిలిచి భోజనం పెట్టింది. కర్నూలు వాళ్లు ఇప్పుడు ఫోను చేస్తే నన్నే రమ్మంటారు. వెళ్తాను. జింకలు వంద అడుగుల్లోనే దూకిపోతాయి.

పోయిన నెల నా అరచేతిలో తుమ్మముల్లు విరిగింది. నాకు కనిపించదు, చేతికి దొరకదు. మిల్లు గోడౌన్‌లో గుడ్డి దీపం కింద మస్తాన్ నన్ను కూర్చోబెట్టి, కళ్లద్దాలు లేకుండా, సన్నపు సూదితో ఒక్క నెత్తురు చుక్క రాకుండా దాన్ని తీశాడు. తీస్తూ, నాయన మాదిరే నాకూ అయితాండాదన్నా, దినాము కొంచెం కొంచెం పోతాండాది అన్నాడు. నా చెయ్యి అతని చేతిలో ఉంది. ముల్లు మొన అతని గోరు మీద ఉంది. చెప్పడానికి అంతకంటే మంచి సమయం రాదు. టీ తాగుదామా అన్నాను.

అతనికి ఎప్పుడు చెబుతానో తెలియదు. చెబుతాననీ మాట ఇవ్వను. మీకు చెప్పినందుకు ఏం తగ్గిందని అడిగితే, ఇన్నాళ్లూ నాలోనే తిరిగిన అంకె ఒకటి బయట పడింది, అంతే. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. క్షమించడానికి మీరు మస్తాన్ కాదు.

ఆ రోజు మంద ముప్పై ఒకటి. అందరూ రాసుకున్నది ఇరవై నాలుగు. అతనికి నేను ఇంకా బాకీ ఉన్నది ఏడు.