తూర్పు కప్ప ఆకలి

మోజెస్‌కు ఉన్న పిచ్చి ఒక్కటే: భూకంపం. బోధన్‌లో ఆయన వీధిలో భూకంపం చూసినవాడు ఒక్కడూ లేడు. అయినా గ్లాసులో నీళ్లు వణికితే చాలు, మోజెస్ పెన్ను తీసి టైమూ దిక్కూ రాసుకునేవాడు. ఒకసారి చర్చిలో ప్రార్థన మధ్య లేచి, "పాస్టరుగారూ, బెంచీ ఉత్తరానికి ఊగింది" అన్నాడు. ఆ బెంచీకి ఉత్తరపు చివర అప్పుడే వచ్చి కూర్చున్న భారీ పెద్దమనిషి మూడు ఆదివారాలు చర్చి ముఖం చూడలేదు.

భార్య సువర్ణకు ఆ పిచ్చితో పేచీ లేదు. పేచీ అంతా బిందె దగ్గరే.

షుగర్ ఫ్యాక్టరీలో ఫిట్టరుగా రిటైరైన నెలలోనే మోజెస్ ఆమె పుట్టింటి ఇత్తడి బిందెకు ఎనిమిది దిక్కులా ఎనిమిది రంధ్రాలు పెట్టాడు. రంధ్రానికో మూతి, మూతిలో ఇనుప గోలీ, కింద నోరు తెరుచుకుని ఎనిమిది మట్టి కప్పలు.

"మా అవ్వ పెట్టిన బిందె గది!"

"పంతొమ్మిది వందల ఏండ్ల కింద చీనాల ఒక పండితుడు గిట్లనే చేసిండు, సువర్ణా. లోపల ఏం పెట్టిండో ఎవలికీ సక్కగ ఎరుక లేదు. నేనైతే కడ్డీ నిలవెట్టి దాని నెత్తిన బరువు పెట్టిన. నేల కదిలితే అది ఒక దిక్కుకు ఒరిగి, ఆ దిక్కు గోలీని నూకుతది. ఏ కప్ప నోట్ల పడితే గదే దిక్కు."

"ఆయన కూడ పెండ్లాం బిందెనే కోసిండా?"

"గది పుస్తకంల రాయలే. ఒక్క భూకంపం పట్టినంక నీ బిందె నీకిస్త."

అప్పట్నుంచి సువర్ణ, ఎవరికీ దెబ్బ తగలని చిన్న భూకంపం ఒకటి పంపమని దేవుణ్ణి అడుగుతూనే ఉంది.

దేవుడు చెరుకు లారీలు పంపాడు. లారీ పోతే పడమటి కప్ప టంగుమనేది. పెళ్లి బరాత్ డీజే వస్తే దక్షిణపు కప్ప. మోజెస్ "భూకంపం కాదు" అని నోటుబుక్కులో రాసి, గోలీని మళ్లీ మూతిలో పెట్టేవాడు. రోజూ పొద్దున అయిదుంబావుకు తూర్పు కప్ప వంతు. అది గోడ అవతలి హన్మవ్వ రోకలి.

ఎనభై దాటిన హన్మవ్వ ఒంటరి మనిషి. పసుపు దంచనిదే ఆమెకు తెల్లవారదు. ఎవరైనా "మంచిగున్నవా, అవ్వా?" అని తొంగిచూస్తే, "సచ్చిననుకున్నవా?" అని అదే రోకలి ఎత్తేది. సువర్ణ ఒకసారి గంజి తీసుకెళ్లి, గిన్నెతో సహా పరుగెత్తుకొచ్చింది.

ఒక పొద్దున మోజెస్ బిందె ముందు నుంచి లేవలేదు.

"చాయ్ సల్లారుతున్నది, షారోన్ బాపూ" అని కూతురి పేరుతో పిలిచింది సువర్ణ.

"గోలీ పడలే."

"మంచిదే గద. భూకంపం రాలే."

"పావు తక్కువ ఆరైంది! తూర్పు గోలీ పడలే!"

అరవై ఎనిమిదేళ్ల మనిషి గోడ దూకాడు. హన్మవ్వ నీళ్ల తొట్టి దగ్గర జారిపడి, కాలు విరిగి, లేవలేక కూర్చుని ఉంది. "గోడ దూకుతవా, దొంగ సచ్చినోడా!" అని, గోలీ పడలేదనే వచ్చానని మోజెస్ చెబుతున్నా ఆగకుండా, దవాఖానా దాకా తిడుతూనే ఆటోలో పోయింది.

వాళ్లు వెళ్లాక సువర్ణ నోటుబుక్కు తెరిచింది. లారీలకూ డీజేలకూ "భూకంపం కాదు". తూర్పు కప్పకు మాత్రం ఏ రోజు చూసినా ఒకటే మాట: "5.15. అవ్వ మంచిగున్నది."

ఆమె మళ్లీ బిందె ఊసెత్తలేదు.

మోజెస్ పోయి ఏడాదైంది. భూకంపం ఇంకా రాలేదు. గోలీలు ఇప్పుడు సువర్ణే సర్దుతుంది. మొన్న పొద్దున్నే, పడిన తూర్పు గోలీని మళ్లీ మూతిలో పెట్టి, పిడికెడు పసుపు అడుగుదామని గోడ మీదుగా చూసింది. హన్మవ్వ పీట మీద కూర్చుని ఇంకా మెల్లగా దంచుతోంది. రోట్లో మాత్రం ఏమీ లేదు.

"అవ్వా! ఒట్టి రోలు దంచుతున్నవేంది?"

"కాలిరిగినప్పటి సంది పసుపు దంచుడు ఎక్కడిది, బిడ్డా? ప్యాకెట్ కొనుక్కుంటున్న."

"మరి గీ సప్పుడెందుకు?"

హన్మవ్వ బోసినోరు తెరిచి నవ్వింది.

"గోలీ పడకుంటే మోజెస్ సిన్నబోతడని దంచిన. ఇప్పుడు ఆయన లేడు, నిజమే. గా కప్ప నోరు తెరుసుకొనే ఉంటది గద! దానికి ఆకలి కాదా?"

సువర్ణ కొంగుతో ముఖం తుడుచుకుని, గొంతు గట్టి చేసుకుంది.

"అయితే రేపు ఆలిశం చెయ్యకు, అవ్వా. అయిదుంబావుకల్లా పడాలె."

"నాకు చెప్తవా?" అని హన్మవ్వ రోకలి ఎత్తింది.

సువర్ణ లోపలికి పరుగెత్తింది. ఆమె గడప దాటేలోపే తూర్పు కప్ప మళ్లీ టంగుమంది.