ఏ వాసనా లేని ఇల్లు

మొన్న ఉదయం హిందూపురంలో మా హాల్లో మనవరాలు పాకుతూ పోయి, ఇంకా తడి ఆరని బండ మీద అరచేయి ఆనించి, ఆ చేతిని నోట్లో పెట్టుకుంది. తొమ్మిది నెలల పిల్ల, దానికి ఇల్లంతా తినే వస్తువే. మా కోడలు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి పిల్ల నోరు తుడిచింది. నేల తుడిచే మందున్న ఊదారంగు సీసా తెచ్చి, వెనక ఉన్న చిన్నక్షరాలు కళ్లు చిట్లించి చదివింది. పిల్లలకు అందకుండా ఉంచమని రాసి ఉందట. "నేలకు పోసేది పిల్లకు అందకుండా ఎట్ల పెట్టేది అత్తా?" అని నామీదే విసుక్కుని, సీసాను పెరటి గోడ మీద పెట్టి వచ్చింది. కాసేపాగి, "మీ కుంకుడుకాయల నీళ్లు ఎట్ల చేస్తారో చెప్తారా?" అంది. మూడేళ్లుగా ఈ మాట కోసమే కాచుకుని ఉన్నాను. అయినా కొంచెం బెట్టు చేయకపోతే బాగుండదని, "చూద్దాంలే" అన్నాను.

నిజానికి ఆ విద్య నాది కాదు, ధర్మవరంలో మగ్గం నేసే ఇంటి ఇల్లాలు మా అత్తది. ఇల్లు శుభ్రం చేయడానికి ఆమె అంగడిలో ఏదీ కొనగా నేను చూడలేదు. కుంకుడుకాయల్ని దంచి, గింజలు తీసి, ముందురోజు నానేసి, మర్నాడు పిసికి వడగట్టేది. ఆ రసం బండలకు, బట్టలకు, తలలకు. ఇత్తడికి పులుసు తీసిన చింతపండు పిప్పి, గిన్నెలకు బూడిద, బియ్యం డబ్బాలో వేపాకు. కడప బండల మీద నిమ్మచుక్క పడిందంటే మాత్రం ఆమె ప్రాణం విలవిల్లాడేది, తెల్లమచ్చ పడితే మళ్లీ పోదని. కొత్త కోడలిగా నేను ఇదంతా పిసినారితనం అనుకున్నాను. నేను పెనుకొండ పిల్లను. మా నాయన ఆసుపత్రిలో అటెండరు, సాయంత్రం ఆయన చొక్కా నిండా ఫినాయిలు వాసన. నా దృష్టిలో శుభ్రం అంటే ఆ వాసనే. అది రాని ఇల్లు నాకు కడిగినట్టే అనిపించేది కాదు.

పెళ్లయిన మూడో నెలలో అత్త నల్లమాడలో చుట్టాలింటికి పోయింది. ఇదే అదను అనుకుని ఫినాయిలు సీసా తెప్పించి, నీళ్లు కలపడం కూడా దండగనుకుని, మగ్గం ఉన్న గదంతా తుడిచాను. అంతటితో ఊరుకోలేదు. నేసేటప్పుడు కాళ్లు పెట్టుకోవడానికి మగ్గం కింద మట్టి గుంత ఉంటుంది కదా, బొద్దింకలు చావాలని అందులో మిగిలిందంతా గుమ్మరించాను. ఆ గుంతకు సరిగ్గా పైన, గోరంట్ల వాళ్లు చెప్పి నేయించుకుంటున్న పెళ్లిచీర ఉంది. ఇక నేయాల్సింది కొంగు చివర జానెడే. అయిదు రోజుల్లో వాళ్లు వస్తారు. నేను చేసిన పనికి నేనే మురిసిపోయి, మెచ్చుకుంటారని గడపలో కూర్చున్నాను.

మామ వచ్చి మగ్గంలో కూర్చుని, వెంటనే లేచాడు. "యాడిది తల్లీ ఈ వాసన?" అన్నాడు అంతే. సాయంత్రం అత్త దిగింది. నేరుగా మగ్గం దగ్గరికి పోయి, చీర అంచు ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంది. "పట్టు చంటిబిడ్డ మాదిరమ్మా. యా వాసన తగిలినా పట్టుకుంటాది" అంది. మా వైపు పట్టుచీర తీసుకునే పెద్దవాళ్లు రంగు చూస్తారు, జరీ చూస్తారు, ఆఖరుకు వాసన చూస్తారు. పెళ్లిచీర ఆసుపత్రి వాసన కొడితే ఎవరు తీసుకుంటారు? ఆ ఇంటి చీర వెనక్కి వచ్చిందన్న మాట ఊరంతా తిరగడానికి పూట చాలు. ముప్పై ఏళ్లుగా మామ నేసిన ఒక్క చీరా అలా వెనక్కి రాలేదు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. "ఏడ్చేది తర్వాత. కొంగు బిగించు" అంది అత్త.

ఆ రాత్రి నుంచి మగ్గం ఆగింది. చీర మీద పాత నూలు దుప్పటి కప్పి, గుంతలో తడిసిన మట్టినంతా గీకి బయట పోసి, ఎర్రమట్టితో అలికాం. బండలు కుంకుడు రసంతో మూడుసార్లు మోకాళ్ల మీద కూర్చుని రుద్దాను. అత్త పక్కనే నిలబడి మంచినీళ్లు పోసింది, చీపురు మాత్రం నా చేతిలోంచి తీసుకోలేదు. తర్వాత తుమ్మ బొగ్గుల్ని గుడ్డల్లో మూటకట్టి గుంతలోనూ మగ్గం చుట్టూనూ పెట్టింది. బొగ్గు వాసనను లాగేస్తుందని నాకు అప్పుడే తెలిసింది. మూడో రోజుకు మామ మళ్లీ కూర్చుని, మిగిలిన జానెడు నేసి, చీరను మగ్గం మీంచి కోసి దించాడు.

గోరంట్ల వాళ్లు వచ్చారు. పెళ్లికూతురి అవ్వ చీర విప్పి, రంగు చూసి, జరీ మీద గోరుతో రాసి, మడత ఎత్తి ముక్కుకు ఆనించింది. నేను తలుపు వెనక నుంచి తొంగి చూస్తున్నాను. "ఏ వాసనా ల్యా. మంచి పట్టు" అంది. ఆ తర్వాత బండల కేసి చూసి, "ఇల్లు భలే పెట్టుకొనుండారే. ఎవురు కడిగింది?" అనడిగింది. ఇప్పుడు నా బండారం బయట పడుతుందనుకున్నాను. అత్త తడుముకోకుండా, "మా కోడలు. పెనుకొండ పిల్ల" అంది. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. కానీ ఆ మాట ఆమె ఎంత దర్జాగా అందంటే, ఆ రోజు నుంచి నేను ఫినాయిలు ముఖం చూడలేదు.

నిన్న మా కోడలు మొదటిసారి కుంకుడు రసంతో హాలు కడిగింది. గుప్పెడు వేయమంటే గిన్నెడు వేసింది. నురగ గడప దాటింది. నాలుగుసార్లు నీళ్లు పోస్తే గానీ లొంగలేదు. అంతా ఆరాక పక్కింటావిడ వచ్చి, "ఏమక్కా, హాలు తళతళలాడతాండాదే, ఎవరు కడిగినారు?" అంది. కోడలు నా ముఖం కేసి చూసింది, నురగ సంగతి చెప్పేస్తానేమోనని. "మా కోడలు" అన్నాను, మా అత్తంత దర్జాగా. ఫినాయిలు వాసన వదిలించడానికి నాకు మూడు రోజులే పట్టింది. ఆ రెండు మాటలు అనే వంతు నాకు రావడానికి మాత్రం ముప్పై ఏడేళ్లు పట్టింది.