ఎర్మెజిందకు బదులు పలికేవాళ్లు

మా ప్రిన్సిపి దీవిలో ఎర్మెజింద తెల్లవారగానే పెరట్లోకి వచ్చి కల్లు చెట్టు వైపు చూస్తుంది. చెట్టు మీద ఎవరూ ఉండరని ఆమెకూ తెలుసు. కల్లు గీసే పోలికార్పు అక్కణ్ణుంచే మా దీవి మాటలో, అదే లుంగియెలో, ఆటపట్టించేవాడు.

"ఏమే ముసలీ, ఇంకా పోలేదా?"

"నిన్ను సాగనంపాకే పోతాలేరా!" అని ఈమె కింద నుంచి తిప్పికొట్టేది.

అన్నంత పనీ అయింది. పోయిన వానల్లో అతను పోయాడు. ఆ మాటలో ఆమెకు బదులు పలికేవాళ్లు వాడలో ఇక లేరు. పక్కింట్లో నేనున్నాను, దేనికి? వింటే అర్థమవుతుంది, పలకబోతే నాలుక తిరగదు.

తప్పు మాదే. బడిలో దొరల పోర్చుగీసే పలకాలి, దీవి మాట వినబడితే అరచేతులు వాచేవి. అందుకే తల్లులు ఇంట్లోనే పిల్లల నోళ్లు కట్టేశారు. ఎర్మెజింద అందరికంటే నాలుగాకులు ఎక్కువే చదివింది. కూతురు జుల్మీర నోట ఆ మాట వస్తే తన చేత్తోనే పెదవులకు మిరపకాయ రుద్దేది. జుల్మీర చక్కటి పోర్చుగీసు నేర్చి గుమాస్తా అయింది. మేమంతా కుళ్లుకున్నాం.

ఇప్పుడు గాలి తిరిగింది. బడివాళ్లే ఇంటికొచ్చి బతిమాలారు. "పెద్దమ్మా, పిల్లలకు దీవి మాట నువ్వే నేర్పాలి."

"అప్పుడు కొట్టి మాన్పించి, ఇప్పుడు పిలిచి నేర్పమంటారా? సిగ్గులేదూ?" అని కసిరింది. కసిరి, మర్నాడే ఇస్త్రీ గౌను తొడుక్కుని వెళ్లింది. పిల్లలు చేప, వాన, అరటి అని చిలక పలుకులు పలికారు.

"అంటారే గానీ నాతో మాట్లాడరు కదే," అంది నాతో, సాయంత్రం.

శుక్రవారం జుల్మీర తల్లిని తీసుకెళ్లడానికి బడికి వచ్చింది. నేను బయట కిటికీ పక్కన వేయించిన అరటి ముక్కలు అమ్ముకుంటున్నాను. ఎర్మెజింద కూతుర్ని చూసి, పిల్లలందరి ముందూ, దీవి మాటలో అడిగింది.

"ఆకలేస్తోందా తల్లీ?"

కన్నకూతురితో ఆ మాటలో మాట్లాడడం అదే మొదలు.

జుల్మీరకు అర్థమైంది. పెదవులు కదిలాయి. అంతలో చెయ్యి దానంతటదే లేచి నోటికి అడ్డం పడింది. నలభై దాటిన మనిషి, ఒక అడుగు వెనక్కి కూడా వేసింది. పిల్లలు నవ్వారు.

"లేదమ్మా, పద," అంది చివరికి పోర్చుగీసులో.

ఎర్మెజింద తన రెండు చేతులూ గౌను జేబుల్లో దాచేసుకుంది. ఇల్లు చేరేదాకా బయటికి తియ్యలేదు.